పేరు చెక్కని శిల

అమెరికా ఐక్యరాష్ట్రాలలో, ఆల్బనీ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది పడమటి ఒడ్డున సారటోగా యుద్ధభూమి ఉన్నది. 1777వ సంవత్సరం సెప్టెంబరు 19న ఒకసారి, అక్టోబరు 7న మరొకసారి అక్కడ జరిగిన పోరాటాలు అమెరికా స్వాతంత్ర్య సమరపు గతిని మార్చివేశాయి. ఈనాడు ఆ నేల జాతీయ చారిత్రక ఉద్యానవనంగా సంరక్షింపబడుతున్నది. పచ్చిక బయళ్ళు, చెట్ల గుంపులు, మిట్టల మీద పాతకాలపు ఫిరంగులు. యుద్ధభూములన్నిటి వలెనే అది కూడా శాంతికాలంలో ఎంతో అందమైన ప్రదేశం. అందులో ఒకచోట, శత్రుసైన్యపు మట్టికోట ఒకప్పుడు నిలిచిన చోట, ఒక చిన్న రాతి స్మారకం సందర్శకుని ఆపుతుంది.

దాని మీద మనిషి విగ్రహం లేదు, ముఖం లేదు. తలకిందులుగా నిలిపిన ఫిరంగి గొట్టం, దానిని ఆనుకొని ఒక బూటు, సేనాపతి భుజకీర్తి, విజయానికి గుర్తయిన ఆకుల మాల మాత్రమే చెక్కి ఉన్నాయి. బూటు ఎడమకాలిది. వెనుకవైపు శాసనం ఉన్నది. కాంటినెంటల్ సైన్యంలోకెల్లా అత్యంత ప్రతిభాశాలి అయిన సైనికుని స్మృత్యర్థం ఇది నిలుపబడినదనీ, ఈ స్థలంలోనే 1777 అక్టోబరు 7న అతడు తీవ్రంగా గాయపడినాడనీ, విప్లవ సమరంలో నిర్ణాయకమైన యుద్ధాన్ని తన దేశప్రజలకు, మేజర్ జనరల్ హోదాను తనకు సాధించుకున్నాడనీ ఆ శాసనం చెబుతుంది. ఆ సైనికుని పేరు మాత్రం ఎక్కడా లేదు. నిలిపినవాని పేరు ఉన్నది. జాన్ వాట్స్ డి పేస్టర్, ఆయన సైనిక బిరుదు, స్మారక సంఘంలో ఆయన పదవి, 1887 అనే సంవత్సరం, అన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. ఆలయంలో ఫంకా రెక్కల మీద కూడా దాత పేరు చదువుకోవడం అలవాటైన తెలుగు పాఠకునికి దాత పేరు కనబడటం వింత కాదు. దేవుని పేరు లేకపోవడమే వింత.

ఆ సైనికుడు బెనెడిక్ట్ ఆర్నాల్డ్. అమెరికా భాషావ్యవహారంలో ఆ పేరు ఈనాటికీ ద్రోహి అనే మాటకు పర్యాయపదం. తెలుగులో శకుని అనగానే ఏమి స్ఫురిస్తుందో అక్కడ ఆ పేరు వింటే అటువంటిదే స్ఫురిస్తుంది. పేరు చెక్కితే శిల తిట్టుగా మారుతుంది, చెక్కకపోతే శిల అబద్ధం చెప్పినట్లవుతుంది. డి పేస్టర్ సైనిక చరిత్రను అధ్యయనం చేసిన మనిషి, గ్రంథకర్త. సారటోగాలో జరిగినది ఆయనకు బాగా తెలుసు. తెలిసినదానిని మరుగుపరచలేక, తెలిసిన పేరును పలకలేక, శిల్పి జార్జ్ ఎడ్విన్ బిస్సెల్ చేత ఆయన ఒక కాలును మాత్రం స్మరింపజేశాడు.

ఆ కాలు చరిత్ర కొంత చెప్పవలసి ఉన్నది. ఆర్నాల్డ్ కనెక్టికట్‌లోని నార్విచ్‌లో 1741 జనవరిలో పుట్టాడు. మందుల దుకాణం నడిపాడు, ఓడలలో వర్తకం చేశాడు. యుద్ధం మొదలైన 1775లోనే, శరత్కాలంలో, సుమారు 1,100 మందిని వెంటబెట్టుకొని మెయిన్ అరణ్యాల మీదుగా క్విబెక్ నగరం మీదికి నడిచాడు. చలికి, ఆకలికి, వరదలకు తట్టుకొని చేరినవారు 600 పైచిలుకు మాత్రమే. ఆ ఏడాది డిసెంబరు 31న క్విబెక్ ముట్టడిలో అతని ఎడమకాలికి తుపాకిగుండు తగిలింది. 1776 అక్టోబరులో షాంప్లేన్ సరస్సు మీద హడావిడిగా కట్టించిన పడవలతో బ్రిటిష్ నౌకాదళాన్ని ఎదిరించాడు. యుద్ధం ఓడిపోయాడు గాని, శత్రువుల దండయాత్రను మరుసటి ఏడాదికి వాయిదా వేయించాడు. ఇంత చేసినవానిని 1777 ఫిబ్రవరిలో పదోన్నతుల జాబితాలో కాంగ్రెస్ పక్కన పెట్టి, అతనికంటె చిన్నవారు ఐదుగురికి మేజర్ జనరల్ హోదా ఇచ్చింది. తరువాత కొద్ది నెలలకు హోదా ఇచ్చారు, జ్యేష్ఠత మాత్రం ఇవ్వలేదు. కార్యాలయాలలో జీవితం గడిపినవారికి ఈ రెంటికీ ఉన్న తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

సారటోగాలో సేనాధిపతి హొరేషియో గేట్స్. మొదటి పోరాటం తరువాత గేట్స్ పంపిన నివేదికలో ఆర్నాల్డ్ ప్రస్తావన లేదు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆర్నాల్డ్ చేతిలోని సేనాభాగాన్ని గేట్స్ తీసివేశాడు. అందుచేత అక్టోబరు 7న ఆర్నాల్డ్‌కు ఏ దళం మీదా అధికారం లేదు. అయినా ఫిరంగుల మోత విని గుర్రమెక్కి రణరంగంలోకి దూకాడు. అతనిని చూసి సైనికులు వెంట నడిచారు. ఒక మట్టికోట మీద దాడి విఫలమైతే, రెండు సైన్యాల కాల్పుల నడుమ గుర్రాన్ని ఉరికించి రెండవ కోటను చేరాడు. జర్మన్ అధికారి బ్రేమన్ కాపాడుతున్న కోట అది. కోట పడిపోయిన క్షణాలలోనే గుండు తగిలి గుర్రం కూలింది, అదే ఎడమకాలు గాయపడి దాని కింద నలిగి విరిగింది. కాల్చిన జర్మన్ సైనికుని చంపబోతున్న తనవారిని, అతడు తన విధిని నిర్వర్తించాడంతేనని ఆర్నాల్డ్ వారించినట్లు చెప్పుకొంటారు. పది రోజుల తరువాత, అక్టోబరు 17న, బ్రిటిష్ సేనాపతి బర్గోయిన్ తన సైన్యమంతటితో లొంగిపోయాడు. ఆ వార్త పారిస్ చేరింది. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ అమెరికాతో సంధి చేసుకొని యుద్ధంలోకి దిగింది. ఫ్రెంచి నౌకలు లేకుంటే 1781లో యార్క్‌టౌన్ విజయం ఉండేది కాదు. ఒక దేశం పుట్టుక ఒక మనిషి కాలిఎముక మీద ఆధారపడిందనడం అతిశయోక్తే. ఆ ఎముకకు అందులో పాలు లేదనడం మాత్రం పచ్చి అబద్ధం.

తరువాతి కథ లోకవిదితం. 1778లో ఫిలడెల్ఫియా నగర సైనిక పాలకుడయ్యాడు. ఆడంబరంగా బ్రతికాడు, అప్పులు చేశాడు. తాను యుద్ధానికి ఖర్చు పెట్టిన సొంత డబ్బు రాలేదన్న బాధ, అవమానాల జాబితా, రెండూ అతని మనస్సులో పెరుగుతూ వచ్చాయి. 1779 ఏప్రిల్‌లో పెగ్గీ షిప్పెన్‌ను పెండ్లాడాడు. మే నెలలో బ్రిటిష్ వారితో రహస్య ఉత్తరాలు మొదలుపెట్టాడు. అధికార దుర్వినియోగం ఆరోపణల మీద సైనిక విచారణ జరిగింది. 1780 ఏప్రిల్‌లో వాషింగ్టన్ చేత మందలింపు పొందాడు. అంతకు ముందే బేరం మొదలయిందన్న సంగతి వాషింగ్టన్‌కు తెలియదు. ఆగస్టులో హడ్సన్ నదికి తాళంచెవి వంటి వెస్ట్ పాయింట్ దుర్గాన్ని అడిగి మరీ తీసుకున్నాడు. దానిని అప్పగించేందుకు కోరిన మొత్తం 20,000 పౌన్లు. సెప్టెంబరు 23న బ్రిటిష్ అధికారి జాన్ ఆండ్రే మారువేషంలో, మేజోళ్ళలో దాచిన కాగితాలతో పట్టుబడ్డాడు. 25న ఆర్నాల్డ్ నదిలో ఉన్న బ్రిటిష్ ఓడ చేరి తప్పించుకున్నాడు. అక్టోబరు 2న ఆండ్రేను ఉరి తీశారు. ఆర్నాల్డ్‌కు బ్రిటిష్ సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ పదవి, 6,000 పౌన్లకు పైగా సొమ్ము దక్కాయి.

ఇక్కడ ఒక ధర్మసందేహం పుడుతుంది. 1780లో చేసిన పని 1777లో చేసిన పనిని మార్చగలదా? జరిగిపోయినదానిని దేవుడు కూడా జరగనిదిగా చేయలేడని తత్త్వవేత్తలు అంటారు. ఆ కోట కూలింది, ఆ సైన్యం లొంగింది, ఆ దేశం స్వతంత్రమయింది. వీటిలో ఏదీ ఆర్నాల్డ్ పశ్చాత్తాపం మీద గాని, పతనం మీద గాని ఆధారపడి లేదు. అయితే గౌరవం అనేది జరిగినదానికి ఇచ్చే రశీదు కాదు. విగ్రహం నిలిపేవాడు, ఇటువంటివారు కండి అని బిడ్డలకు చెప్పదలచుకుంటాడు. ఆ దృష్టితో చూస్తే ఆర్నాల్డ్ జీవితంలో ఒక రోజును కోసి తీసి, మిగిలినదానిని పారవేసి చూపడం ఏ విధమైన బోధ? ఫలితాన్ని తీసుకొని చెట్టును నరికివేయడమే కదా అని ఒకరు అడగవచ్చు. చెట్టు తానే విషవృక్షమయిందని మరొకరు బదులు చెప్పవచ్చు.

ఈ చిక్కును వ్యాసుడు ఎరుగును. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు దేహంతోనే స్వర్గం చేరుతాడు. అక్కడ అతనికి మొదట కనబడినవాడు దుర్యోధనుడు, దివ్యాసనం మీద వెలుగుతూ. ధర్మరాజు ముఖం తిప్పుకుంటాడు. వానితో కలిసి ఉండవలసిన స్వర్గం తనకు అక్కరలేదంటాడు. నారదుడు చిరునవ్వుతో, స్వర్గంలో వైరం ఉండదనీ, అతడు క్షత్రియధర్మం తప్పక యుద్ధంలో దేహం అర్పించి వీరలోకం పొందాడనీ చెబుతాడు. ఆ తరువాత ధర్మరాజుకు నరకదర్శనం అవుతుంది. అప్పుడు ఇంద్రుడు చెప్పే మాటలో ఈ ప్రశ్నకు సమాధానపు అంకురం ఉన్నది. శుభమూ అశుభమూ రెండు వేరు రాశులు. ఒకటి ముందు, ఒకటి వెనుక అనుభవించవలసినవే. పుణ్యంలో నుండి పాపాన్ని తీసివేసి మిగిలిన శేషాన్ని మనిషి ఖాతాలో వేసే కూడికలు తీసివేతల పద్ధతి అక్కడ లేదు. దుర్యోధనుని ద్యూతసభను అతని రణమరణం కడిగివేయలేదు, ద్యూతసభ అతని రణమరణాన్ని మలినం చేయలేదు. తిక్కన సోమయాజి ద్వారా ఈ ఘట్టాన్ని చదువుకొన్న తెలుగువారు సైతం దుర్యోధనుని స్వర్గం దగ్గర ధర్మరాజుతోపాటు కొంత తడబడుతూనే ఉంటారు. ఆ తడబాటును కవి తప్పుగా చూపలేదు. ధర్మరాజు అంతటివానికే అది సహజమని చూపాడు.

అయితే దుర్యోధనుడు పేరుతోనే స్వర్గంలో ఉన్నాడు. ఆర్నాల్డ్ పుణ్యాన్ని పేరు లేకుండా విడదీసి ఉంచారు. ఈ తేడా చిన్నది కాదు. కర్త నుండి కర్మను విడదీసి కర్మను మాత్రమే పూజించడం సాధ్యమా? భాష కొంతవరకు సాధ్యమే అంటుంది. కృతజ్ఞుడు అంటే చేయబడినదానిని ఎరిగినవాడు. చేసినవానిని ఎరిగినవాడని ఆ మాటలో లేదు. కృతఘ్నుడు అంటే చేయబడినదానిని చంపేవాడు. ఈ అర్థంతో చూస్తే సారటోగా విజయంలో ఆర్నాల్డ్ పాత్రను పాఠ్యపుస్తకాల నుండి తీసివేసిన దేశం కృతఘ్నమవుతుంది. వెస్ట్ పాయింట్‌ను అమ్మజూపిన ఆర్నాల్డ్ కూడా కృతఘ్నుడే. తాను చేసిన పనినే చంపజూచినవాడు, తన కాలు ఇచ్చి సంపాదించినదానిని 20,000 పౌన్లకు వెల కట్టినవాడు. డి పేస్టర్ శిల ఈ రెండు కృతఘ్నతల నుండి ఆ ఒక్క పనిని కాపాడింది. అందుకు అది చెల్లించిన మూల్యం ఒక పేరు.

పేరును దండించడం పాత ఆచారమే. రోమన్ చక్రవర్తి కరకల్లా తన తమ్ముడు గేటాను చంపించి, అతని పేరును శాసనాల నుండి చెక్కివేయించాడు. రోమ్ నగరంలో సెప్టిమియస్ సెవెరస్ తోరణం మీద ఆ గీరివేతల జాడ ఇంకా కనబడుతుంది. చెరిపిన చోటు చెరిపినట్లే ఉండటం చేత, చదివేవారికి ఆ పేరు మీదనే కుతూహలం కలుగుతుంది. వెనిస్ వారి మార్గం వేరు. 1355లో రాజ్యద్రోహానికి శిరచ్ఛేదం పొందిన అధినేత మరీనో ఫలియేరో చిత్రం ఉండవలసిన చోట, మహాసభామందిరంలో, ఒక నల్లని తెర చిత్రించి ఉన్నది. దాని మీద అతని పేరు, నేరాలకు తల నరకబడినాడన్న మాట వ్రాసి ఉన్నాయి. వెనిస్ ముఖాన్ని తీసివేసి పేరునూ నేరాన్నీ ఉంచింది. సారటోగాలో పేరును, ముఖాన్ని, నేరాన్ని తీసివేసి ఘనకార్యాన్ని ఉంచారు. వెనిస్ తెర ఎదుట నిలిచినవానికి తెలియవలసినదంతా తెలుస్తుంది. సారటోగా శిల ఎదుట నిలిచినవాడు పక్కవానిని అడగాలి. ఒకవిధంగా ఇది శిలకు లోపం. పొడుపుకథలు వేయడం స్మారకాల పని కాదు.

సారటోగాలోనే మరొక స్మారకం ఉన్నది. బర్గోయిన్ శిబిరం ఉన్న చోట, 1877లో పునాదిరాయి వేసి 1883 నాటికి కట్టి ముగించిన 155 అడుగుల రాతిస్తంభం అది. నాలుగు దిక్కులకు నాలుగు గూళ్ళు. ఉత్తరాన గేట్స్, తూర్పున ఫిలిప్ స్కైలర్, పడమట డేనియల్ మోర్గన్ విగ్రహాలు. దక్షిణపు గూడు ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదో అందరికీ తెలుసు. ఈ గూడు బూటు కంటె నిజాయితీగా ఉన్నదనిపిస్తుంది. అది ఏమీ పొగడదు, ఏమీ దాచదు. రావలసినవాడు రాలేదని మాత్రం చెబుతుంది. అయితే ఉత్తరపు గూటిలోని పెద్దమనిషిని కూడా కొంచెం చూడాలి. గేట్స్ 1780 ఆగస్టు 16న కామ్డెన్ యుద్ధంలో ఘోరంగా ఓడి, సైన్యాన్ని వెనుక వదలి, మూడు రోజులలో 180 మైళ్ళు గుర్రం మీద పోయాడు. అతని గూడు ఎవరూ ఖాళీ చేయలేదు. చేయనక్కర కూడా లేదు. భీరుత్వం, అసమర్థత ద్రోహం కావు. పారిపోయినవాడు తన మాటను అమ్ముకోలేదు. కాని పారిపోయినవాని విగ్రహాన్ని ఎండకు వానకు ఓర్చి నిలిపి ఉంచిన స్తంభం, గెలిపించినవానికి శూన్యాన్ని ఇచ్చిందన్నది ఆలోచనాపరులకు గుచ్చుకోక మానదు.

ద్రోహమనే మాటను కూడా తూచి వాడాలి. 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసినవారందరూ ఇంగ్లండు చట్టం దృష్టిలో రాజద్రోహులే. ఆర్నాల్డ్ తాను రాజు వద్దకు తిరిగి వచ్చానన్నాడు. ఫ్రాన్సుతో పొత్తు తనకు నచ్చలేదని 1780 అక్టోబరులో బహిరంగ లేఖ కూడా ప్రకటించాడు. పక్షం మార్చడమే పాపమైతే విభీషణుడు ఏమవుతాడు? రామాయణం అతనిని శరణాగతునిగా గౌరవించింది, లంకకు రాజును చేసింది. లోకం మాత్రం ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెతను నిలుపుకొన్నది. కావ్యం ఒక తీర్పు, సామెత మరొక తీర్పు. కాని జాగ్రత్తగా చూస్తే విభీషణుడు నిండుసభలో అన్నకు హితం చెప్పాడు, తిట్లు తిన్నాడు, నలుగురు అనుచరులతో అందరూ చూస్తుండగా ఆకాశమార్గాన వెడలిపోయాడు. వెళ్ళిన తరువాతనే రాముని పక్షాన నిలిచాడు. ఉత్తర ద్వారానికి కాపలా తనకిమ్మని రావణుని అడిగి తీసుకొని, ఆ తాళంచెవిని బేరానికి పెట్టలేదు. అభిప్రాయం మార్చుకునే హక్కు మనిషికి ఉన్నది. నమ్మకాన్ని పదవిగా స్వీకరించి, ఆ పదవిని సరుకుగా మార్చే హక్కు లేదు. ఆర్నాల్డ్ రాజీనామా చేసి న్యూయార్క్‌లోని బ్రిటిష్ శిబిరానికి బాహాటంగా నడిచి వెళ్ళి ఉంటే, శత్రువు అనిపించుకునేవాడే గాని, అతని పేరు తిట్టయ్యేది కాదు. ప్రభుత్వ పదవిలో ఉన్న ఎవరికైనా ఈ భేదం తక్కినవాటి అన్నిటికంటె దగ్గరగా తాకుతుంది.

అతని మనోవేదనను తేలికగా తీసివేయడం కూడా న్యాయం కాదు. యోగ్యునికి దక్కవలసిన జ్యేష్ఠత దక్కకపోవడం, అతని పని మరొకరి నివేదికలో కనబడకపోవడం, సొంత డబ్బు లెక్కలలో ఇరుక్కుపోవడం, ఇవి నిజమైన అన్యాయాలు. సారటోగా తరువాత కాంగ్రెస్ అతని జ్యేష్ఠతను సరిచేసింది గాని, ఆలస్యంగా. శాసనం దగ్గర ఒక చిన్న పొరపాటు ఇక్కడే ఉన్నది. అక్టోబరు 7 నాటికి అతడు మేజర్ జనరల్ హోదాలోనే ఉన్నాడు. ఆ యుద్ధం అతనికి తెచ్చిపెట్టినది హోదా కాదు, హోదాలో తన స్థానం. పేరు దాచిన శిల హోదాను కూడా కొంత తప్పుగా చెప్పింది. అయితే ఇదే అన్యాయాలు అనుభవించి కూడా ఆ సైన్యంలో నిలిచినవారు ఎందరో ఉన్నారు. స్కైలర్ 1777లో సేనాధిపత్యం పోగొట్టుకున్నాడు, మరుసటి ఏడాది సైనిక న్యాయస్థానంలో నిర్దోషిగా తేలాడు, దేశాన్ని విడువలేదు. జీతాలు లేక, చెప్పులు లేక మంచులో నడిచిన సామాన్య సైనికుల మాట చెప్పనే అక్కరలేదు. కారణం తెలుసుకోవడం వేరు, క్షమించడం వేరు.

న్యూ లండన్ ప్రజల దృష్టిలో ఈ చర్చంతా విలాసమే అయి ఉండవచ్చు. ఆర్నాల్డ్ పుట్టిన ఊరికి అది చాలా దగ్గర. 1781 సెప్టెంబరు 6న బ్రిటిష్ సేనకు నాయకుడై వచ్చి అతడు ఆ పట్టణాన్ని తగులబెట్టించాడు. నదికి అవతల గ్రోటన్ గుట్ట మీద ఫోర్ట్ గ్రిస్వోల్డ్ పడిపోయింది. లొంగిపోయిన తరువాత కూడా నరికివేత ఆగలేదు. కోటను కాచిన 80 మందికి పైగా అక్కడ మరణించారు. ఆర్నాల్డ్ ఆ సమయంలో ఇవతలి ఒడ్డున ఉన్నాడు గాని, దండు అతనిది. అక్కడ 1830లో ఎత్తైన స్మారకస్తంభం కట్టి, చనిపోయినవారి పేర్లు చెక్కించారు. ఆ పేర్లన్నీ ఇరుగుపొరుగు ఇండ్లవారివి. ఆ పేర్ల ఎదుట నిలిచినవానిని సారటోగా బూటుకు పూలమాల వేయమని అడగడానికి చాలా ధైర్యం కావాలి. కృతజ్ఞత దేశానిది, గాయం గ్రోటన్‌ది. గాయపడనివారు గాయపడినవారి తరఫున ఉదారులు కావడం లోకంలో కొత్త కాదు.

బందీగా చిక్కిన ఒక అమెరికన్ అధికారిని ఆర్నాల్డ్, తాను మీవారికి దొరికితే ఏమి చేస్తారని అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. గాయపడిన కాలును నరికి సైనిక లాంఛనాలతో పాతిపెడతామనీ, మిగిలిన దేహాన్ని ఉరి తీస్తామనీ ఆ అధికారి బదులు చెప్పాడట. నిజమైనా కాకపోయినా, వంద సంవత్సరాల తరువాత డి పేస్టర్ చేసినది అక్షరాలా అదే. మనిషిని ముక్కలు చేసి న్యాయం చేయడం ఆ కథలోని చమత్కారం. అదే దానిలోని అసంభవం కూడా. కాలు తనంతట తాను కోటగోడ ఎక్కలేదు. ఎక్కించినది ఒక మొండితనం, ఒక అహంకారం, తనకు సాటి లేరన్న నమ్మకం. అధికారం లేకపోయినా గుర్రమెక్కి వెళ్ళిన ఆ రోజున అదే సారటోగాను గెలిచింది. తన విలువ తెలియనివారికి తాను బద్ధుడను కానన్న ఆ గుణమే మూడేళ్ళ తరువాత వెస్ట్ పాయింట్‌ను బేరం పెట్టింది. మంచి కాలు, చెడ్డ తల అని విభజించడం సులభమే. ఆ రెంటినీ నడిపినది ఒకే నెత్తురు కావడమే కష్టం.

దక్కను పీఠభూమిలో ఊరి పొలిమేరలలో కనబడే వీరగల్లులు చనిపోయినవారికే నిలిపేవారు. ఆవుల మందను కాపాడుతూ, ఊరిని కాస్తూ నేలకొరిగినవాడు రాతిలో వీరుడవుతాడు. ఆ తరువాత అతడు మారే అవకాశం లేదు. మరణం అతని ఖాతాను మూసివేసింది. ఎవరినైనా అదృష్టవంతుడనే ముందు అతని అంతం చూడమని గ్రీకు జ్ఞాని సోలన్ క్రీసస్ రాజుకు చెప్పినట్లు హెరోడోటస్ వ్రాశాడు. ఆ గుండు కొంచెం ఎత్తున తగిలి ఉంటే సారటోగా స్తంభపు దక్షిణపు గూటిలో ఆర్నాల్డ్ నిలిచి ఉండేవాడు, అమెరికాలో ఊళ్ళకు, బడులకు అతని పేరు ఉండేది. ఆ మనిషి అప్పుడూ ఆ మనిషే. అవమానాలు, అప్పులు, అహంకారం అప్పటికే అతనిలో ఉన్నాయి. బయటపడే వ్యవధి మాత్రం ఉండేది కాదు. ఈ లెక్కన ఎన్ని గూళ్ళలో, ఎన్ని వీరగల్లులలో సకాలంలో చనిపోయినవారు ఉన్నారో ఎవరూ చెప్పలేరు.

బ్రిటన్ అతనికి ఏమి ఇచ్చింది? సొమ్ము ఇచ్చింది, స్మారకం ఇవ్వలేదు. ఉరికంబమెక్కిన ఆండ్రేకు మూడవ జార్జి రాజు వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో స్మారకం కట్టించాడు. 1821లో అతని అస్థికలను కూడా అక్కడికి తెచ్చారు. ఆర్నాల్డ్ 1801 జూన్ 14న లండన్‌లో మరణించాడు. చాలాకాలం తరువాత అతడు నివసించిన ఇంటి గోడకు ఎవరో ఒక ఫలకం అమర్చారు. అందులో అతడు అమెరికా దేశభక్తుడని ఉన్నది. ఒక దేశంలో పేరు లేని ఘనకార్యం, మరొక దేశంలో ఘనకార్యం చెప్పని పేరు. స్మారకాలకు నిజంతో ఉన్న సంబంధం ఎప్పుడూ కొంత వంకరే. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్ ఆ తరువాత భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, టిప్పు సుల్తానును ఓడించి, 1792లో అతని కుమారులను తాకట్టుగా తీసుకున్నాడు. ఆ సంధిలో నిజాం పాలికి వచ్చిన కడప ప్రాంతం 1800లో దత్తమండలాలతోపాటు కంపెనీ వశమయింది. మద్రాసు సెయింట్ జార్జి కోట మ్యూజియంలో కార్న్‌వాలిస్ పాలరాతి విగ్రహం ఉన్నది. దాని పీఠం మీద ఆ పసివారి అప్పగింత చెక్కి ఉన్నది. యార్క్‌టౌన్ ప్రసక్తి సహజంగానే లేదు.

ఇప్పుడు ఆ బూటు స్మారకం మీద పేరు చేర్చాలా అన్న ప్రశ్న అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. చేర్చితే నిజం పూర్తవుతుందని కొందరి వాదం. కాని ఆ శిల 1777కు సాక్ష్యం ఎంతో, 1887కు కూడా అంతే సాక్ష్యం. ఒక శతాబ్దం గడిచినా ఒక దేశం ఆ పేరును పలకలేకపోయిందన్నది కూడా చరిత్రే. దానిని దిద్దడం మరొక చెరిపివేత అవుతుంది. ఉద్యానవనం వారు సందర్శకులకు ఇచ్చే సమాచారంలో ఆ పేరు దాపరికం లేకుండా ఉన్నది, అది చాలు. వెస్ట్ పాయింట్‌లోని పాత ప్రార్థనామందిరంలో కూడా ఇటువంటి ఏర్పాటే ఉన్నది. విప్లవ సమరంలోని సేనాపతుల పేర్లతో గోడకు ఫలకాలున్నాయి. ఒక ఫలకం మీద మేజర్ జనరల్ అన్న హోదా, 1740లో పుట్టాడన్న మాట మాత్రం ఉన్నాయి. పేరు లేదు, మరణించిన సంవత్సరమూ లేదు.

ఆర్నాల్డ్ పారిపోయిన 1780 సెప్టెంబరు 25న ఆ ఇంట్లో ఆరు నెలల పసివాడు ఒకడు తల్లితోపాటు మిగిలిపోయాడు. ఎడ్వర్డ్ షిప్పెన్ ఆర్నాల్డ్ అతని పేరు. పెద్దవాడై బ్రిటిష్ వారి కొలువులో సైనికుడిగా భారతదేశానికి వచ్చి, 1813లో ఇక్కడే మరణించాడు. తండ్రి పేరును అతడు చివరిదాకా పూర్తిగానే వ్రాసుకున్నాడు.